కెనడాకి ఆగస్టు 15 ఏది?

ఒంటారియో_ఓపిక · శుక్రవారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మేముండేది మిస్సిసాగాలో. వచ్చే నెల నాకూ మా ఆవిడకీ పౌరసత్వ పరీక్ష. 20 ప్రశ్నలు, 15 కరెక్టయితే పాస్. రోజూ రాత్రి అన్నాలయ్యాక ఆ గైడు ముందేసుకుని కూర్చుంటున్నాం.

మా అమ్మాయి పదో తరగతి. ఇక్కడ పదిలో కెనడా చరిత్ర తప్పనిసరి, అదీ 1914 దగ్గర మొదలవుతుంది. నిన్న నేను చదువుకుంటుంటే పక్కన చేరి, "డాడీ, ఇండియాకి ఆగస్టు 15 ఉంది కదా, కెనడాకి ఏది?" అంది. జులై 1 అన్నాను ఠక్కున. "అది 1867. మరి 1914లో బ్రిటన్ యుద్ధం ప్రకటించగానే కెనడాని ఎవరూ అడక్కుండానే అదీ యుద్ధంలో ఉన్నట్టయిందట. ఇండిపెండెంట్ కంట్రీ అయితే అలా ఎలా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత నా పర్సులోంచే 20 డాలర్ల నోటు తీసి వెనక్కి తిప్పి చూపించింది. రెండు పొడవాటి తెల్ల స్తంభాలు. ఇన్నేళ్లుగా ఆ నోటుతో పాలూ పెరుగూ కొంటున్నాను, అది ఒట్టావాలో ఏదో బిల్డింగ్ అనుకున్నా. కాదట. ఫ్రాన్స్‌లో విమీ అనే గుట్ట మీద ఉందట. మన 500 నోటు మీద ఎర్రకోట ఉంటే వీళ్ల నోటు మీద పరాయి దేశంలోని గుట్ట!

1867, 1917, 1919, 1931, 1982. గైడులో ఇన్ని తేదీలున్నాయి. వీటిలో అసలుది ఏది? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. పరీక్ష కోసం కాదు, అమ్మాయి ముందు పరువు కోసం.

హాకీ_అర్థంకాదు · శుక్రవారం రాత్రి 10:40

అన్నా, మీ అమ్మాయి అడిగిన ప్రశ్న పరీక్షలో రాదు. ప్రావిన్సులు, రాజధానులు బట్టీ పట్టెయ్యండి, చాలు. కాల్గరీ నుంచి అనుభవంతో చెప్తున్నా.

పాత_కాగితం · శనివారం ఉదయం 6:05

మాది రాజమండ్రి. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి టొరంటోలో ఉంటాడు కాబట్టి రెండు చలికాలాలు అక్కడి లైబ్రరీల్లో గడిపాను. చలికి బయట తిరగలేక చదివిన చదువు ఇది.

మీ అమ్మాయి సరిగ్గా అసలు చోటే పట్టుకుంది. 1867లో నాలుగు ప్రావిన్సులు కలిసి డొమీనియన్ అయ్యాయి. రోడ్లు, రైళ్లు, బళ్లు, పన్నులు, ఇంటి వ్యవహారాలన్నీ వాళ్లవే. గుమ్మం దాటితే మాత్రం లండన్‌దే మాట. యుద్ధం, సంధి, రాయబారులు ఏవీ కెనడా చేతిలో లేవు. 1914 ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధానికి దిగితే కెనడా చట్టరీత్యా దిగినట్టే. ఎంతమందిని పంపాలన్నదొక్కటే వాళ్ల ఇష్టం.

పంపారు. జనాభా 80 లక్షలు మించని దేశం ఆరు లక్షలమందికి పైగా సైన్యంలో చేర్చుకుంది. 60 వేలమందికి పైగా తిరిగి రాలేదు.

ఇప్పుడు ప్రధాని రాబర్ట్ బోర్డెన్ స్థానంలో మీరుండి చూడండి. ఊరివాళ్ల పిల్లల్ని వేలకొద్దీ పంపిస్తున్నారు. ఎక్కడికి పంపుతున్నారో, ఎందుకు పంపుతున్నారో లండన్ మీకు చెప్పదు. 1915లో ఆయన స్వయంగా లండన్ వెళ్లి మంత్రుల్ని కలిసినా సమాచారం రాబట్టడం గగనమైంది. 1916 జనవరిలో లండన్‌లోని తన ప్రతినిధికి రాసిన ఉత్తరంలో కోపం దాచుకోలేదు. నాలుగైదు లక్షలమందిని యుద్ధంలో నిలబెట్టి, మమ్మల్ని కీ ఇస్తే ఆడే బొమ్మల్లా చూస్తామంటే ఒప్పుకుంటామా అన్నది దాని సారాంశం.

బోర్డెన్ విప్లవకారుడేం కాదు. సామ్రాజ్యం అంటే భక్తి ఉన్న మనిషే. ఆ భక్తే ఆయన్ని అక్కడికి తెచ్చింది. మన ఇళ్లలో చూడండి, ఖర్చుకి డబ్బు పంపే తమ్ముడే ఒకరోజు పద్దు చూపించమంటాడు. దూరంగా ఉన్నవాడు అడగడు.

1917లో లండన్‌లో జరిగిన సామ్రాజ్య యుద్ధ సమావేశంలో తొమ్మిదో తీర్మానం ఆయన చలవే. డొమీనియన్లు స్వయంపాలిత దేశాలు, విదేశాంగ విధానంలో వాళ్ల గొంతు వినాలి, యుద్ధం అయ్యాక దీన్ని పద్ధతిగా తేల్చుకుందాం అని. 1918లో అయితే బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్ ముఖానే అనేశాడు. పాషెండేల్ (1917లో బెల్జియంలో వేలమంది కెనడియన్లు బలైన పోరు) లాంటిది ఇంకొకటి జరిగితే, నేను ప్రధానిగా ఉన్నంతకాలం ఒక్క కెనడా సిపాయి కూడా ఒడ్డు దాటడని.

నన్నడిగితే కెనడా పుట్టిన ఊరు విమీ కాదు. లండన్‌లో ఆ సమావేశపు బల్ల.

ఒంటారియో_ఓపిక · శనివారం ఉదయం 8:30

మాస్టారూ, ధన్యవాదాలు. కానీ విమీని అంత తేలిగ్గా తీసేస్తే ఎలా? నోటు మీద వేసుకున్నారంటే ఊరికే వేసుకోరు కదా. అమ్మాయి పుస్తకంలో కూడా "ఒక జాతి పుట్టుక" అన్నట్టే రాశారు.

పాత_కాగితం · శనివారం ఉదయం 9:15

తీసెయ్యడం లేదండీ. విమీ గొప్ప పనే. 1917 ఏప్రిల్ 9, ఈస్టర్ సోమవారం, తెల్లవారుజాము ఐదున్నర. మంచూ వడగళ్లూ కలిసి ముఖాన కొడుతున్నాయి. నాలుగు కెనడియన్ డివిజన్లు మొదటిసారి పక్కపక్కన నిలబడి కదిలాయి. అంతకుముందు ఫ్రెంచివాళ్లు ప్రయత్నించి లక్షకు పైగా మనుషుల్ని పోగొట్టుకున్న గుట్ట అది.

ఎలా గెలిచారన్నది నాకు నచ్చే కథ. వెనక పొలాల్లో తాళ్లూ టేపులూ కట్టి జర్మన్ కందకాల నమూనా గీశారు. అందులో వారాల తరబడి రిహార్సల్ వేయించారు. మామూలుగా ఆఫీసర్ల దగ్గరే ఉండే మ్యాపులు వేలకొద్దీ అచ్చేసి సిపాయిల చేతికిచ్చారు. పై ఆఫీసర్ పడిపోయినా పని ఆగకూడదని. ఫిరంగి గుండ్లు ముందు నడుస్తుంటే వాటి వెనక లెక్క ప్రకారం అడుగులేసుకుంటూ పోయారు. లెక్క తప్పి తొందరపడితే సొంత గుండే తగులుతుంది.

నాలుగు రోజుల్లో 3,598 మంది చనిపోయారు. ఏడు వేలమందికి గాయాలు.

అయితే మూడు సంగతులు గైడు పెద్దగా చెప్పదు. ఆ కెనడియన్ దళానికి కమాండర్ బ్రిటిష్ జనరల్, జూలియన్ బింగ్. వెనక నిలబడ్డ ఫిరంగుల్లో చాలావాటిని పేల్చింది బ్రిటిష్‌వాళ్లే. మొదట బయల్దేరిన కెనడా దళంలో సగానికి పైగా బ్రిటన్‌లో పుట్టి వలస వచ్చినవాళ్లే. "జాతి పుట్టుక" అనే మాట తర్వాత దశాబ్దాల్లో గట్టిపడింది. స్మారకం కట్టి తెరిచిందే 1936 జులైలో, అదీ రాజుగారు ఎనిమిదో ఎడ్వర్డ్ చేతుల మీదుగా.

ఆ బింగ్ పేరు మాత్రం గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

హాకీ_అర్థంకాదు · శనివారం ఉదయం 9:50

సినిమా ఇంటర్వెల్ లాగా ఆపారేంటి మాస్టారూ 😀

బింగ్ తర్వాత ఆ దళానికి కమాండరైన ఆర్థర్ కర్రీ కథ కూడా చెప్పండి. యుద్ధానికి ముందు విక్టోరియాలో రియల్ ఎస్టేట్. మార్కెట్ పడిపోయి అప్పులపాలై, రెజిమెంట్ యూనిఫాంల కోసం వచ్చిన పదివేల డాలర్ల పైచిలుకు సొంత అప్పులకు వాడేసుకున్నాడు. యుద్ధం మధ్యలో తోటి ఆఫీసర్ల దగ్గర చేబదులు తీసుకుని కట్టాడు. అదే మనిషి యుద్ధంలోని మంచి జనరల్స్‌లో ఒకడనిపించుకున్నాడు. హైదరాబాద్‌లో ప్లాట్లమ్మే మా బావకి ఈ కథ చెప్తే "చూశావా, మావాళ్లలో టాలెంట్ ఉంటుంది" అన్నాడు.

ఇంకో మాట. అందరూ రక్తం, సంతకాలు అంటున్నారు. డబ్బు సంగతి? యుద్ధానికి ముందు కెనడా అప్పంటే లండనే. యుద్ధంలో లండన్ దగ్గరే డబ్బు లేదు. 1915లో ఫెడరల్ ప్రభుత్వం మొదటిసారి న్యూయార్క్‌లో అప్పు చేసింది. తర్వాత సొంత జనం దగ్గరే విక్టరీ బాండ్లు అమ్మితే 1917లో అడిగినదానికి రెట్టింపు పైనే వచ్చింది. అప్పిచ్చేవాడు మారితే అప్పు తీసుకునేవాడి నడక కూడా మారుతుంది. అదే ఏడు ఇన్‌కమ్ ట్యాక్స్ పెట్టారు, యుద్ధం అయ్యాక మళ్లీ చూద్దాం అని. చూస్తూనే ఉన్నారు. మొన్న ఏప్రిల్లో నేనూ చూశాను.

మాంట్రియల్_మిరపకాయ · శనివారం మధ్యాహ్నం 12:20

పదిహేనేళ్లుగా మాంట్రియల్‌లో ఉంటున్నాను. ఇక్కడ మా పక్కింటి ముసలావిడ దగ్గర కూర్చుని "విమీ మనందరినీ ఒక్కటి చేసింది" అనండి చూద్దాం. కాఫీ కూడా ఇవ్వదు.

క్యూబెక్‌కి 1917 అంటే నిర్బంధ సైనిక సేవ. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు తగ్గిపోయారు, లండన్ వెళ్లొచ్చిన బోర్డెన్ ఆగస్టులో చట్టం తెచ్చాడు. డిసెంబర్‌లో ఎన్నికలు. ఆ ఎన్నికలకు ముందు ఓటర్ల జాబితాతో ఆడుకున్న తీరు చూస్తే మనవాళ్లు కూడా నేర్చుకోవాలి. సైనికుల భార్యలకు, తల్లులకు, అక్కచెల్లెళ్లకు ఓటు ఇచ్చారు, ఎందుకంటే వాళ్లు "మావాడికి తోడు పంపండి" అంటారు కాబట్టి. శత్రుదేశాల నుంచి వచ్చి 1902 తర్వాత పౌరులైనవాళ్ల ఓటు పీకేశారు. అలా మొదటిసారి ఆడవాళ్లకు ఫెడరల్ ఓటు వచ్చింది. మిగతావాళ్లలో చాలామందికి ఇచ్చింది మరుసటి ఏడు.

ఫలితం: క్యూబెక్‌లో 65 సీట్లలో 62 ప్రతిపక్ష నేత లోరియేవి. మిగతా దేశంలో ఎక్కువ భాగం బోర్డెన్ వైపు. 1918 ఈస్టర్‌కి క్యూబెక్ సిటీలో గొడవలు, టొరంటో నుంచి ఫ్రెంచ్ ముక్క రాని సైనికుల్ని దింపారు, కాల్పుల్లో కనీసం నలుగురు పౌరులు చనిపోయారు. ఒక ఈస్టర్‌కి జాతి పుట్టిందంటారు, ఇంకో ఈస్టర్‌కి ఇదీ.

కాబట్టి ఓపిక గారూ, అమ్మాయికి ఈ రెండో ఈస్టర్ కూడా చెప్పండి.

ఒంటారియో_ఓపిక · శనివారం మధ్యాహ్నం 1:05

అక్కా, ఇది గైడులో ఒక్క వాక్యంలో ఉంది. చదివేసి పేజీ తిప్పేశాను. ఇప్పుడు వెనక్కి తిప్పుతున్నా.

సర్రే_సుబ్బి · శనివారం సాయంత్రం 4:30

నేను చెప్పేది ఎవరికైనా చేదుగా ఉంటే క్షమించండి. వాంకూవర్ దగ్గర సర్రేలో ఉంటాను, చుట్టూ పంజాబీ కుటుంబాలు. వాళ్ల ఇళ్లలో 1914 అనగానే గుర్తొచ్చేది ఆగస్టు కాదు, మే.

మే 23న కొమగాటా మారు ఓడ వాంకూవర్ రేవుకొచ్చింది. 376 మంది, ఎక్కువమంది సిక్కులు. వాళ్ల వాదన ఒక్కటే: మేమూ బ్రిటిష్ రాజు ప్రజలమే, సామ్రాజ్యంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు కదా. రెండు నెలలు కొద్దిమందిని తప్ప దిగనివ్వలేదు. తిండీ నీళ్లూ అయిపోయాయి. జులై 23న యుద్ధనౌకని పక్కన పెట్టి మరీ వెనక్కి పంపేశారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగాక పోలీసు కాల్పులు. ఇక్కడ ఓడ కదిలిన పన్నెండో రోజుకి యుద్ధం. అప్పుడు మాత్రం రాజు ప్రజలందరూ రండి అని పిలుపు!

ఆ పిలుపుకి కెనడా సైన్యంలో చేరిన సిక్కులు పదిమంది ఉంటారేమో. వాళ్లలో బకమ్ సింగ్ ఒకాయన. ఫ్లాండర్స్‌లో గాయపడి, క్షయతో 1919లో కిచెనర్‌లో చనిపోయాడు. సమాధి ఇప్పటికీ ఉంది, నవంబర్‌లో జనం వెళ్తారు.

మాస్టారు చెప్పిన లండన్ బల్ల గురించి ఒక్క మాట. 1918లో అదే బల్ల దగ్గర ఇంకో తీర్మానం కూడా అయింది. ప్రతి డొమీనియన్‌కీ తన జనాభాలో ఎవరుండాలో, ఎవర్ని రానివ్వకూడదో తేల్చుకునే పూర్తి హక్కుందని. దానికి ఇండియా తరఫున కూర్చున్నవాళ్లు కూడా తలూపారు. అంటే బోర్డెన్ లండన్ నుంచి తెచ్చుకున్న స్వేచ్ఛలో మనవాళ్ల మొహాన తలుపేసే స్వేచ్ఛ కూడా ఉంది. 1922లో మద్రాసు నాయకుడు శ్రీనివాస శాస్త్రి గారు వచ్చి బ్రిటిష్ కొలంబియాలో మావాళ్లకు ఓటివ్వండి అని అడిగారు. ఓటు వచ్చింది 1947లో.

గోదారి_గట్టు · శనివారం సాయంత్రం 5:10

మా వైపు తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలిటరీ మాధవరం అంటేనే ఎవరైనా గుర్తుపడతారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ సైన్యంలోకి వెళ్తూనే ఉన్నారు. ఊళ్లో యుద్ధ స్మారకం ఉంది. అలాంటి ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లకి ఏమొచ్చింది మాస్టారూ? ఇండియా కూడా ఆ యుద్ధంలో కెనడా కంటే ఎక్కువమందిని పంపింది కదా.

పాత_కాగితం · శనివారం రాత్రి 8:45

సర్రే_సుబ్బి గారి మాట నా వాదానికి తగిలింది. ఒప్పుకుంటున్నాను. ఆ 1918 తీర్మానం నేను మొదటి పోస్టులో రాసి ఉండాల్సింది.

గోదారి_గట్టు గారూ, మీ ప్రశ్న కాలేజీలో ప్రతి ఏడూ ఒక పిల్లాడైనా అడిగేవాడు. ఇండియా నుంచి 13 లక్షలకు పైగా వెళ్లారు, 70 వేలకు పైగా చనిపోయారు. 1919 జూన్ 28న వెర్సాయ్ సంధి మీద కెనడా విడిగా సంతకం చేసింది. ఇండియా కూడా విడిగానే చేసింది, తెలుసా? మాంటేగు, బికనీర్ మహారాజా గంగాసింగ్ చేశారు. నానాజాతి సమితిలో ఇద్దరూ మొదటి సభ్యులే. కాగితం మీద చూస్తే కవలపిల్లలు.

తేడా పెన్ను పట్టుకున్న చేతిలో ఉంది. కెనడా తరఫున డోహర్టీ, సిఫ్టన్ అనే ఇద్దరు మంత్రులు సంతకం చేశారు, వాళ్లు ఒట్టావా పార్లమెంటుకి జవాబు చెప్పాలి. సంధిని ఆ పార్లమెంటు విడిగా చర్చించింది కూడా. మన తరఫున సంతకం చేసిన మాంటేగు లండన్ మంత్రి, మహారాజుకి ఓటర్లే లేరు. ఆ సంతకానికి పదకొండు వారాల ముందే జలియన్‌వాలాబాగ్. అదీ మనకి వచ్చింది.

కాకినాడ_తీరం · ఆదివారం ఉదయం 7:20

చేపల ఒప్పందం గురించి ఎవరూ ఎత్తలేదేంటి? మా మత్స్యశాఖలో పనిచేసేవాళ్లం ఎప్పుడైనా గొప్పలు చెప్పుకోవాలంటే చెప్పుకునేది ఇదొక్కటే.

హాలిబట్ అని పసిఫిక్‌లో బల్లపరుపుగా ఉండే పెద్ద చేప. మనిషంత ఎత్తు పెరుగుతుంది. అమెరికావాళ్లూ కెనడావాళ్లూ పోటీపడి పట్టేసి అడుగంటించారు. దాంతో ఏటా నవంబర్ 16 నుంచి ఫిబ్రవరి 15 దాకా వేట ఆపాలని ఒప్పందానికొచ్చారు. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం లాంటిదే.

అప్పటిదాకా కెనడా ఎవరితో ఒప్పందం చేసుకున్నా బ్రిటిష్ రాయబారి కూడా సంతకం పెట్టాలి. 1923 మార్చి 2న వాషింగ్టన్‌లో కెనడా మత్స్యశాఖ మంత్రి ఎర్నెస్ట్ లాప్వాంట్ ఒక్కడే కూర్చుని సంతకం చేశాడు. బ్రిటిష్ రాయబారి నేనూ చేస్తానన్నాడు. అక్కర్లేదన్నారు. ఇది రెండు దేశాల చేపల గొడవ, మీకేంటి పని అన్నారు. కెనడా తన చేత్తో తానే చేసుకున్న మొదటి ఒప్పందం అది. ఆ లాప్వాంట్ క్యూబెక్‌వాడు, మాంట్రియల్ అక్కకి సంతోషం.

నోటు మీద గుట్ట బదులు చేప వేసుకున్నా తప్పులేదు.

పాత_కాగితం · ఆదివారం ఉదయం 8:10

భలే అందుకున్నారు. నాకు విమీ కంటే ఈ చేప మీద గౌరవం ఎక్కువ. దానికి ఆర్నెల్ల ముందు జరిగింది కూడా కలిపితేనే కథ నిండుతుంది.

1922 సెప్టెంబర్. టర్కీలో చనాక్ దగ్గర బ్రిటిష్ దళాలు ఇరుక్కున్నాయి. డొమీనియన్లు సైన్యం పంపాలని లండన్ టెలిగ్రాం కొట్టింది, అదే సమయానికి పత్రికలకీ చెప్పేసింది. టెలిగ్రాం రహస్య లిపిలో వచ్చింది. దాన్ని విప్పి ప్రధాని మెకెంజీ కింగ్ చేతికిచ్చేలోపే ఒక విలేకరి వచ్చి "యుద్ధానికి వెళ్తున్నాం కదా, మీరేమంటారు?" అని అడిగాడు. సొంత దేశం యుద్ధానికి వెళ్తోందన్న కబురు ప్రధానికి విలేకరి నోట తెలిసింది! కింగ్ ఎగరలేదు, దూకలేదు. "పార్లమెంటు నిర్ణయిస్తుంది" అన్నాడు. పార్లమెంటు అప్పుడు సమావేశాల్లో లేదు. సమావేశపరిచే తొందర కూడా ఆయన చూపించలేదు. ఈలోపు గొడవ చల్లారిపోయింది. ఎనిమిదేళ్ల కిందట అడక్కుండానే యుద్ధంలోకి దిగిన దేశం ఇది. నాన్చడం కూడా విదేశాంగ విధానమే అని కింగ్ దగ్గర నేర్చుకోవాలి.

ఇక బింగ్. విమీ హీరో 1921లో గవర్నర్ జనరల్‌గా కెనడా వచ్చాడు. 1926లో కింగ్ పార్లమెంటు రద్దు చేయమంటే కుదరదన్నాడు. ప్రతిపక్షానికి అవకాశమిచ్చాడు, ఆ ప్రభుత్వం రోజుల్లో కూలింది. కింగ్ జనంలోకి వెళ్లి "లండన్ పంపిన మనిషి మన ప్రధానిని కాదంటాడా?" అని ప్రచారం చేసి గెలిచాడు. నిజానికి బింగ్ రూల్ ప్రకారమే చేశాడని నా అభిప్రాయం. అయినా ఆ గెలుపుతో కింగ్ లండన్ సమావేశానికి వెళ్లాడు. ఆ నవంబర్‌లోనే బాల్ఫోర్ ప్రకటన: బ్రిటన్, డొమీనియన్లు హోదాలో సమానం, ఒకరి కింద ఒకరు కాదు. దాన్ని చట్టం చేసింది 1931 డిసెంబర్ 11న, వెస్ట్‌మినిస్టర్ శాసనం.

హాకీ_అర్థంకాదు · ఆదివారం ఉదయం 8:55

మాస్టారూ, ఒక డౌటు. ఇదంతా యుద్ధం వల్లే అంటారా? యుద్ధం రాకపోయినా జరిగేది కదా. 1909లోనే కెనడా విదేశాంగ శాఖ పెట్టుకుంది. 1926లో గట్టిగా పట్టుబట్టింది ఐర్లాండ్, దక్షిణాఫ్రికా అని చదివాను. కెనడా వాళ్ల వెనక నడిచిందంతే.

పాత_కాగితం · ఆదివారం ఉదయం 9:40

సగం ఒప్పుకుంటాను. ఐరిష్‌వాళ్లు తోయకపోతే 1926 అంత త్వరగా రాదు. కాకపోతే ఐర్లాండ్‌ని ఆ బల్ల దాకా తెచ్చింది కూడా అదే యుద్ధం, దాని వెనక వచ్చిన తిరుగుబాటు. యుద్ధం లేకపోతే ఇవన్నీ రావని నేననను. నెమ్మదిగా, ఎవరికీ కనపడకుండా వచ్చేవి. 60 వేల ఇళ్లలో దీపం ఆరిన తర్వాత మాత్రం "ఎవరిని అడిగి పంపారు?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఏ ప్రధానీ ఉండలేకపోయాడు.

రాతిదీవి · ఆదివారం మధ్యాహ్నం 2:15

న్యూఫౌండ్‌లాండ్‌లో చదువుకుంటున్నాను, సెయింట్ జాన్స్‌లో. నిన్నటి నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూ. మీరంతా యుద్ధం వల్ల స్వేచ్ఛ ఎలా పెరిగిందో మాట్లాడుతున్నారు. నేనుండే చోట అదే యుద్ధం ఉన్న స్వేచ్ఛ కూడా తినేసింది.

1914లో న్యూఫౌండ్‌లాండ్ కెనడాలో భాగం కాదు. కెనడా లాగే సొంత ప్రధాని, సొంత పార్లమెంటు ఉన్న డొమీనియన్. సొంత రెజిమెంట్‌ని పంపింది. 1916 జులై 1న ఫ్రాన్స్‌లో బోమాంట్ హామెల్ దగ్గర దాదాపు 800 మంది కందకం దాటి బయటికొచ్చారు. అరగంటలో అయిపోయింది. మర్నాడు పొద్దున హాజరు పిలిస్తే పలికింది 68 మంది.

తర్వాత బిల్లు వచ్చింది. రెజిమెంట్ కోసం చేసిన అప్పు, పింఛన్లు, దానికి తోడు రైల్వే కోసం చేసిన పాత అప్పు. 1930ల మాంద్యంలో ఎండు చేప ధర పడిపోయింది. రాబడిలో సగానికి పైగా వడ్డీలకే పోయేది. 1932లో జనం పార్లమెంటు భవనం మీద పడితే ప్రధాని తప్పించుకుని పారిపోవాల్సి వచ్చింది. 1934లో వాళ్లే తమ పార్లమెంటుని పక్కన పెట్టి లండన్ నియమించిన కమిషన్ చేతికి పాలన అప్పగించారు. మాస్టారు చెప్పిన 1931 శాసనంలో న్యూఫౌండ్‌లాండ్ పేరు కూడా ఉంది. దాన్ని వాడుకునే యోగం ఎప్పుడూ పట్టలేదు. 1948లో రెండుసార్లు ఓటింగ్ పెడితే రెండోసారి 52 శాతంతో కెనడాలో కలవాలని తేలింది. 1949 మార్చి 31 అర్ధరాత్రికి కాస్త ముందు కలిసిపోయింది.

మా ఇంటి ఓనర్ పెద్దాయన తాతగారు ఆ రెజిమెంట్‌లోవాడట. జులై 1 పొద్దున ఇక్కడ జెండాలు సగానికి దించుతారు. ఆయన చొక్కాకి నీలం రంగు చిన్న పువ్వు పెట్టుకుని స్మారకం దగ్గరికి వెళ్తాడు. మధ్యాహ్నం అయ్యాక అదే ఊళ్లో కెనడా డే కేకు కోస్తారు. నేను వచ్చిన మొదటి ఏడు తెలియక పొద్దున్నే "హ్యాపీ కెనడా డే" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. షూ లేసు కట్టుకుంటూ ఉండిపోయాడు. ఆ ఎర్ర టీషర్టు మళ్లీ వేసుకోలేదు నేను.

మాంట్రియల్_మిరపకాయ · ఆదివారం మధ్యాహ్నం 2:40

తమ్ముడూ, రాయకుండా ఉండిపోతావా ఇది! ఇన్నేళ్లుగా ఇక్కడున్నా నాకు తెలియదు.

మోడరేటర్ · ఆదివారం మధ్యాహ్నం 3:00

ఈ చర్చని పైన అతికిస్తున్నాం. పౌరసత్వ పరీక్ష ప్రశ్నపత్రాల లింకులు దయచేసి వేరే విభాగంలో పెట్టండి.

ఒంటారియో_ఓపిక · ఆదివారం రాత్రి 9:30

అందరికీ వందనాలు. ఇవాళ సాయంత్రం మొత్తం అమ్మాయికి చదివి వినిపించాను. తెలుగు చదవడం రాదు గానీ వింటుంది. చేప దగ్గర నవ్వింది, రాతిదీవి గారి పోస్టు దగ్గర ఫోన్ పక్కన పెట్టింది.

తర్వాత తనే ఒక తేదీ తేల్చింది. మనలో ఎవరూ చెప్పనిది. 1939 సెప్టెంబర్ 10. బ్రిటన్ హిట్లర్ మీద యుద్ధం ప్రకటించింది 3న. కెనడా వారం ఆగి, పార్లమెంటులో చర్చించుకుని, 10న తనే విడిగా ప్రకటించింది. "ఫస్ట్ టైం అడక్కుండా తీసుకెళ్లారు, సెకండ్ టైం వాళ్లే డిసైడ్ చేసుకున్నారు. మధ్యలో ఎక్కడో ఇండిపెండెన్స్ వచ్చింది డాడీ, డేట్ ఎందుకు?" అంది. అదే అసైన్‌మెంట్‌లో రాస్తానంటోంది.

పాత_కాగితం · సోమవారం ఉదయం 5:50

మార్కులు నేను వేస్తాను, పంపమనండి. ఒక్కటి మాత్రం కలుపుకోమని చెప్పండి. ఆ వారం రోజుల్లో కూడా కింగ్ క్యూబెక్ వైపు చూసి, విదేశాలకి పంపడానికి నిర్బంధంగా ఎవర్నీ చేర్చుకోనని మాటిచ్చే దిగాడు. తర్వాత ఆ మాట నిలబెట్టుకోలేకపోయాడు, అది వేరే కథ. ఇంకా, 1947 జనవరి 1 దాకా కెనడాకి విడిగా సొంత పౌరసత్వం లేదు, అందరూ బ్రిటిష్ ప్రజలే. మొదటి పౌరసత్వ పత్రం, నంబర్ 1, తీసుకున్నది కూడా కింగే. రాజ్యాంగాన్ని తమంతట తాము సవరించుకునే అధికారం 1982లో.

హాకీ_అర్థంకాదు · సోమవారం ఉదయం 8:05

ఓపిక అన్నా, పరీక్ష పాసయ్యాక ప్రమాణం ఉంటుంది, ప్రిపేర్ అయ్యారా? చెయ్యెత్తి చార్లెస్ రాజుగారికీ వారి వారసులకీ విధేయుణ్ని అని చెప్పాలి.

ఒంటారియో_ఓపిక · సోమవారం ఉదయం 8:20

నిజమా? మా తాత క్విట్ ఇండియాలో జైలుకెళ్లొచ్చాడు బ్రదర్.

హాకీ_అర్థంకాదు · సోమవారం ఉదయం 8:22

నిజమే. ఫ్రెంచ్‌లో కూడా చెప్పిస్తారు, అక్కడ పెదాలు కదిపితే చాలు.

మాంట్రియల్_మిరపకాయ · సోమవారం ఉదయం 8:31

ఆ ఫ్రెంచ్ ముక్క నేను నేర్పిస్తాను ఓపిక గారూ. రాజుగారి పేరొచ్చిన చోట దగ్గు ఎలా తెచ్చుకోవాలో మా పక్కింటావిడని అడిగి చెప్తాను.